అమ్మకు అల్జీమర్స్ అని తేలింది: రాబోయే సంవత్సరాలలో కుటుంబం ఏమి ఎదుర్కోవలసి ఉంటుంది?

నీలిమేఘం

అందరికీ నమస్కారం. మా అమ్మకు 73 ఏళ్ళు. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, మెదడు స్కాను అన్నీ అయ్యాక, ఇది అల్జీమర్స్ వ్యాధి తొలి దశ అని నరాల వైద్యులు నిర్ధారించారు. ప్రస్తుతానికి తన పనులు తానే చేసుకుంటోంది. అయితే అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్ళీ అడుగుతోంది, బిల్లులు కట్టడంలో తడబడుతోంది, మాట్లాడుతూ మాట్లాడుతూ మామూలు వస్తువుల పేర్లు దొరకక ఆగిపోతోంది.

వైద్యులు మందు రాసి, ఆరు నెలల తరువాత రమ్మన్నారు. ముందు ముందు ఏమవుతుందని అడిగితే "ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది" అన్నారు. అది నిజమే కావచ్చు గాని, ఆ ఒక్క మాట పట్టుకుని మేము దేనికీ సిద్ధపడలేము. ఈ దారిలో నడిచినవారు, నడుస్తున్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఇది ఎంతకాలం సాగుతుంది? ఏవి ముందు పోతాయి, ఏవి మిగులుతాయి? మమ్మల్ని గుర్తుపట్టని రోజు తప్పక వస్తుందా? "అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం" అని తమ్ముడు అంటున్నాడు. అమ్మ తన మనసులోని మాట చెప్పగలిగిన ఈ రోజుల్లోనే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలని నాకు అనిపిస్తోంది.

వైద్యమిత్ర

నీలిమేఘం గారూ, నేను వృద్ధుల వైద్యంలో పనిచేస్తున్నాను. మీ అమ్మగారిని చూడకుండా ఆమె విషయంలో ఏమీ చెప్పలేను గాని, వ్యాధి గమనం సాధారణంగా ఎలా ఉంటుందో చెప్పగలను.

అరవై అయిదేళ్ళు దాటినవారు నిర్ధారణ తరువాత సగటున 4 నుంచి 8 సంవత్సరాలు జీవిస్తారు; 20 సంవత్సరాల వరకు జీవించినవారూ ఉన్నారు. మెదడులో మార్పులు మాత్రం లక్షణాలు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మొదలై ఉంటాయి. నాడీకణాల వెలుపల అమిలాయిడ్ అనే ప్రోటీను పేరుకుంటుంది, కణాల లోపల టౌ అనే ప్రోటీను ఉండలు చుట్టుకుంటుంది, క్రమంగా ఆ కణాలు చనిపోతాయి. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం తొలుతనే దెబ్బతింటుంది కాబట్టి, ఈ ఉదయం ఎవరు వచ్చి వెళ్ళారో గుర్తుండదు గాని, చిన్ననాటి స్నేహితురాలి పేరు, ఆమె ఇంటి వాకిలి గుర్తుంటాయి. తరువాత భాష, దిక్కు తెలియడం, మంచిచెడ్డలు తూచుకోవడం కుంటుపడతాయి. నడక, మింగడం వంటివి అన్నిటికన్నా చివర దెబ్బతింటాయి.

వైద్యులు దీనిని తొలి, మధ్య, తుది దశలుగా చెబుతారు. 1982లో అమెరికన్ మనోవైద్యుడు బారీ రైస్‌బర్గ్, ఆయన సహచరులు ప్రచురించిన కొలమానంలో ఏడు మెట్లు ఉన్నాయి. సాధారణంగా అన్నిటికన్నా పొడవైనది మధ్య దశ. కుటుంబం ఎక్కువగా అలసిపోయేది కూడా అక్కడే, ఎందుకంటే అప్పటికి మనిషి నడవగలరు, తలుపు తీయగలరు, స్టవ్ వెలిగించగలరు, కాని ప్రమాదాన్ని పసిగట్టలేరు.

తూర్పుగాలి

మా అమ్మ ఈ వ్యాధితో కన్నుమూసే వరకు నేనూ మా అన్నయ్యా ఆమె దగ్గరే ఉండి చూసుకున్నాము. వైద్యమిత్ర గారు చెప్పిన క్రమం సరైనదే. అయితే నీలిమేఘం గారూ, దశల పట్టికను గోడకు అంటించుకుని రోజూ అమ్మను దానితో కొలవవద్దని నా మనవి. మా అమ్మ ఒక విషయంలో అయిదో మెట్టు మీద ఉన్నప్పుడు మరొక విషయంలో మూడో మెట్టు మీదే ఉండేది. తన ఇంటి చిరునామా చెప్పలేని రోజుల్లో కూడా, వచ్చిన అతిథిని కూర్చోమనడం, ప్రయాణం బాగా జరిగిందా అని అడగడం మరచిపోలేదు. ఆ మర్యాద చూసిన బంధువులు "ఈమెకు ఏమీ కాలేదు, మీరే పెద్దది చేస్తున్నారు" అని మాతో అన్నారు. మీకూ ఆ మాట వినబడుతుంది, ముఖ్యంగా ఏడాదికోసారి వచ్చి గంటసేపు కూర్చుని వెళ్ళేవారి నోట. దానికి మనసు కష్టపెట్టుకోకండి. పైకి కనిపించే మాటతీరు, అలవాటుగా చేసే పనులు చాలాకాలం నిలుస్తాయి.

మరొక సంగతి ముందుగా తెలిస్తే మీకు కొంత బాధ తగ్గుతుంది. చాలామంది రోగులకు తమకు జబ్బు ఉందన్న సంగతే తెలియదు. ఇది మొండితనమూ కాదు, ఒప్పుకోలేకపోవడమూ కాదు. తన లోపాన్ని తాను గమనించుకునే శక్తి కూడా మెదడుదే కదా. అది కూడా దెబ్బతింటుంది. కాబట్టి "నీకు మతిమరుపు వచ్చిందమ్మా, అర్థం చేసుకో" అని వాదించడం వల్ల ఇద్దరికీ కన్నీళ్ళే మిగులుతాయి.

చిన్నకోడలు

మేము ఇప్పుడు మధ్య దశలో ఉన్నాము. "మేము" అని రాయడం సరైనదే అనుకుంటున్నాను, ఎందుకంటే జబ్బు మా అత్తగారిదే అయినా ఇంట్లో అందరి నిద్ర, అందరి పనివేళలు దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

నీలిమేఘం గారికి ఎవరూ ముందుగా చెప్పని రెండు విషయాలు చెబుతాను. మొదటిది నింద. మా అత్తగారు తన గొలుసును తానే దాచుకుని, దాచిన చోటు మరచిపోయి, నేను తీశానని నమ్మారు. నన్ను కూతురిలా చూసుకున్న మనిషి నోటి వెంట "దొంగ" అన్న మాట విన్న రోజు నేను చాలా ఏడ్చాను. ఇప్పుడు నేను వాదించడం లేదు. "పోయిందా అత్తయ్యా? పదండి, ఇద్దరం కలిసి వెతుకుదాం" అంటాను. ఆమె మామూలుగా దాచే చోట్లు నాకు తెలిసిపోయాయి.

రెండవది సాయంత్రం. పొద్దు వాలుతున్న కొద్దీ ఆందోళన పెరుగుతుంది, "ఇంటికి వెళ్ళాలి" అని తలుపు దగ్గరకు వెళతారు. ఉన్నది తన ఇంట్లోనే అని చెప్పినా ప్రయోజనం ఉండదు. చీకటి పడకముందే దీపాలన్నీ వేయడం, పగటి నిద్ర తగ్గించడం, ఆ వేళకు చేతికి ఒక తేలికపాటి పని ఇవ్వడం మాకు కొంత ఉపయోగపడ్డాయి. స్నానం దగ్గర కూడా పెద్ద పోరాటమే. నీళ్ళంటే భయం, బట్టలు విప్పాలంటే సిగ్గు, అసలు ఎందుకో తెలియని అయోమయం, అన్నీ కలుస్తాయి. రోజూ తలస్నానం చేయించాలన్న పట్టుదల వదులుకున్నాము. కొన్ని రోజులు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి సరిపెడతాము.

నాకు కూడా ఒక ప్రశ్న ఉంది. మా మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఎప్పుడు వస్తారని అత్తగారు ప్రతి సాయంత్రం అడుగుతారు. మొదట్లో నిజం చెప్పేవాళ్ళము. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు కుమిలిపోయేవారు. మీరైతే ఏమి చెబుతారు?

పాతబాట

మా నాన్నగారికి ఇదే జబ్బు. చిన్నకోడలు గారి ప్రశ్నకు నా సమాధానం చాలామందికి నచ్చకపోవచ్చు. నేను ఆయనతో అబద్ధం చెప్పను. జీవితమంతా ముక్కుసూటిగా బతికిన మనిషికి, ఏదీ గుర్తుండదన్న ధైర్యంతో కట్టుకథలు చెప్పడం ఆయన్ని చిన్నబుచ్చడమే అని నా అభిప్రాయం. పైగా ఒకసారి అలవాటైతే, మన సౌకర్యం కోసం కూడా అబద్ధాలు చెప్పడం మొదలవుతుంది.

తూర్పుగాలి

పాతబాట గారి భయంలో న్యాయం ఉంది. మన సౌకర్యం కోసం చెప్పేదానికీ, వారి దుఃఖం ఆపడానికి చెప్పేదానికీ మధ్య గీత గీసుకోవలసిందే. కాని చావు కబురును ప్రతి సాయంత్రం వినిపించడం కూడా సత్యనిష్ఠ అనిపించుకోదని నా నమ్మకం. నిజానికి ఈ రెండింటికీ మధ్య మరొక దారి ఉంది. "మీ నాన్న ఎప్పుడు వస్తారు?" అని మా అమ్మ అడిగినప్పుడు, వస్తారనీ రారనీ మేము చెప్పేవాళ్ళము కాదు. "నాన్న గుర్తొచ్చారా? ఆయన గురించి ఏదైనా చెప్పు" అనేవాళ్ళము. ఆమె అడిగినది సమయం కాదు, ఆయన లేని వెలితి. చాలాసార్లు ఆ కబుర్లలో పడి ప్రశ్న దానంతట అదే పక్కకు తప్పుకునేది. తప్పుకోని రోజులూ ఉండేవి. అప్పుడు చేయి పట్టుకుని కూర్చోవడం తప్ప మరేమీ చేయలేకపోయేవాళ్ళము.

పాతబాట

ఆ దారి నాకు సమ్మతమే. అందులో అబద్ధం లేదు.

వైద్యమిత్ర

నిందల గురించి ఒక్క మాట. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఈ వ్యాధిని మొదటిసారిగా వివరించిన రోగి విషయంలోనూ, తొలుత అందరి దృష్టికీ వచ్చినది భర్త మీద ఆమెకు కలిగిన అనుమానమే. ఆమె కూడా ఇంట్లో వస్తువులు తీసుకుపోయి దాచేది. కాబట్టి చిన్నకోడలు గారూ, ఆ మాట మీ అత్తగారి అంతరంగం నుంచి వచ్చినది కాదు.

ఇప్పుడు అందరూ తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి చెబుతాను. అల్జీమర్స్ నెలలు, సంవత్సరాల మీద ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి పూర్తిగా మారిపోతే, అంటే ఉన్నట్టుండి మగతగా ఉండడం, లేనివి కనిపిస్తున్నాయనడం, నడవలేకపోవడం వంటివి వస్తే, దానిని "జబ్బు ముదిరింది" అని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, ఎక్కడో నొప్పి, పడినప్పుడు తలకు తగిలిన దెబ్బ, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అలర్జీకి, నిద్రకు వాడే కొన్ని పాత మందులు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మందులు మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుని మతిమరుపును ఎక్కువ చేస్తాయి. అందుకే ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా వాడుతున్న మందులన్నిటినీ చూపించాలి.

ఆందోళన, కోపం మరీ ఎక్కువైనప్పుడు సైకోసిస్ (భ్రమలు, లేనివి కనిపించడం వంటి మానసిక స్థితి) మందులు రాస్తుంటారు. డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ఉన్న వృద్ధులలో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి మీద హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. ఎప్పుడూ వాడకూడదని కాదు. రోగికో ఇతరులకో హాని జరిగే పరిస్థితిలో, తక్కువ మోతాదుతో, కొద్దికాలానికి, మధ్య మధ్య ఆపి చూస్తూ వాడతారు. ఆ మందు రాసినప్పుడు "ఎందుకు, ఎంతకాలం" అని అడిగే హక్కు మీకు ఉంది.

నీలిమేఘం

మీ అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడు కూడా ఇవన్నీ చదువుతున్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. వ్యాధి వేగాన్ని తగ్గించే కొత్త మందులు వచ్చాయని వింటున్నాము, అవి అమ్మకు పనికివస్తాయా? రెండవది, ఇప్పుడే పూర్తి చేసుకోవలసిన పనులు ఏమిటి?

వైద్యమిత్ర

అమ్మగారికి రాసినది బహుశా డోనెపెజిల్ వంటి మందు అయి ఉంటుంది. అది 1996లో అమెరికాలో అనుమతి పొందింది. అది లక్షణాలను కొంతకాలం కొంత అదుపులో ఉంచుతుంది, కణాలు చనిపోవడాన్ని ఆపదు. మధ్య దశ నుంచి మెమాంటిన్ అనే మందును కూడా చేరుస్తారు. ఇక కొత్తవి లెకానెమాబ్, డొనానెమాబ్. అమెరికాలో మొదటిదానికి 2023లో పూర్తి అనుమతి, రెండవదానికి 2024లో అనుమతి లభించాయి. ఇవి మెదడులోని అమిలాయిడ్‌ను తొలగిస్తాయి. తొలి దశలో ఉన్నవారికి మాత్రమే ఇస్తారు. లెకానెమాబ్ పరీక్షలో 18 నెలల కాలంలో క్షీణత, మందు లేనివారితో పోలిస్తే, సుమారు 27 శాతం నెమ్మదించింది. పోయిన జ్ఞాపకాలు తిరిగి రావు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎమ్మారై తీయాలి. అపోఈ4 అనే జన్యురూపం రెండు ప్రతులు ఉన్నవారిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఈ వ్యాధిలో తొలి దశ దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి ఆరు నెలల దాకా ఆగకుండా, అమ్మగారు వాటికి తగినవారేనా అని ఇప్పుడే ఆమె వైద్యులను అడగండి. "తగరు" అన్న సమాధానం వస్తే నిరాశపడవద్దు; చాలామందికి వచ్చే సమాధానం అదే.

తూర్పుగాలి

రెండవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. అమ్మ మాట చట్టం ముందు చెల్లే కాలం చాలా చిన్నది. వీలునామా, బ్యాంకు ఖాతాల నిర్వహణ, ఆమె తరఫున నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికన్నది, ఇవన్నీ ఆమె అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినప్పుడే జరగాలి. నిర్ధారణ అయినంత మాత్రాన ఆమెకు నిర్ణయశక్తి లేదని అర్థం కాదు. అయితే సాధారణ అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ), ఇచ్చిన మనిషి నిర్ణయశక్తి కోల్పోగానే కొన్ని దేశాలలో చెల్లకుండా పోతుంది. మరికొన్ని దేశాలలో ఆ తరువాత కూడా కొనసాగే పత్రం వేరుగా ఉంటుంది. మీరున్న చోట ఏది చెల్లుతుందో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

కాగితాలకన్నా కష్టమైన సంభాషణ మరొకటి ఉంది. మింగలేని స్థితి వస్తే గొట్టం ద్వారా ఆహారం ఎక్కించాలా, గుండె ఆగితే మళ్ళీ కొట్టించే ప్రయత్నం చేయాలా, చివరి రోజులు ఆసుపత్రిలో గడపాలా ఇంట్లోనా, ఇవన్నీ అమ్మనే అడగండి. మా అమ్మ ఒక మంచి రోజున "నాకు మీరు కనిపిస్తూ ఉంటే చాలు, గొట్టాలు వద్దు" అని చెప్పింది. చివర్లో నేనూ అన్నయ్యా గొడవపడకుండా కాపాడినది ఆ ఒక్క వాక్యమే. మీ తమ్ముడు అన్నట్టు అప్పటి సంగతి అప్పుడే చూసుకోవలసి వస్తే, అమ్మ మనసులో ఏముందో ఊహించుకోవలసిన భారం మీ ఇద్దరి మీద పడుతుంది.

అమ్మ కారు గాని స్కూటర్ గాని నడుపుతుంటే, ఆ విషయం వెంటనే వైద్యునితో మాట్లాడండి. మానమని చెప్పే మాట పిల్లల నోటినుంచి కాక వైద్యుని నోటినుంచి వస్తే ఇంట్లో రగడ తగ్గుతుంది.

చిన్నకోడలు

ఇంకొకటి చేర్చండి: ఎవరు ఏ పని చేస్తారన్నది. మా ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, భారమంతా నా మీద పడింది. దూరంగా ఉన్నవారు డబ్బు పంపడంతో తమ వంతు అయిపోయిందనుకుంటారు. వారు వచ్చి వారం రోజులు అత్తగారిని చూసుకుంటే నాకు దొరికే నిద్ర విలువ డబ్బుతో రాదు.

సంరక్షణ కేంద్రంలో చేర్చడం గురించి కూడా ముందే మాట్లాడుకోండి. "ఎన్నటికీ చేర్చము" అని అమ్మకు మాట ఇవ్వకండి. రాత్రంతా మేలుకుని తిరిగే మనిషిని ఒక్కరే ఎత్తి, కడిగి, కాపలా కాయవలసి వచ్చినప్పుడు, ఆ మాట నిలబెట్టుకోవాలన్న పంతం ఇద్దరి ఆరోగ్యాన్నీ తీస్తుంది.

నీలిమేఘం

ఇంతవరకు ఎవరూ తుది దశ గురించి రాయలేదు. అడగడానికి జంకుగానే ఉంది, కాని తెలుసుకోవాలి.

తూర్పుగాలి

రాస్తాను. మీరు సిద్ధంగా లేకపోతే ఈ టపాను తరువాత చదవండి.

మాటలు తగ్గుతూ తగ్గుతూ కొన్ని పదాలకు వస్తాయి, తరువాత అవీ ఆగిపోతాయి. మలమూత్రాల మీద అదుపు అంతకుముందే పోతుంది. నడక పోయి మంచానికో కుర్చీకో పరిమితమవుతారు, కాళ్ళూ చేతులూ ముడుచుకుపోతాయి. పడకపుండ్లు రాకుండా గంటల లెక్కన పక్కకు తిప్పుతూ ఉండాలి. ఆకలి తగ్గుతుంది, నోట్లో పెట్టినది మింగడం మరచిపోతారు, మింగబోయినది ఊపిరితిత్తుల దారిలో పడుతుంది. ఈ వ్యాధిలో చాలామంది మరణానికి నేరుగా కారణమయ్యేది న్యుమోనియానే.

గుర్తుపట్టడం గురించి మీరు అడిగారు. మా అమ్మకు నా పేరు ముందు పోయింది, తరువాత నేను కూతురినన్న సంగతి పోయింది. కొంతకాలం నన్ను తన అక్కగా అనుకుంది. అయితే నేను తనకు కావలసిన మనిషినన్న నమ్మకం మాత్రం చాలాకాలం పోలేదు. కొత్తవారు ముట్టుకుంటే బిగుసుకుపోయే ఒళ్ళు, నేను ముట్టుకుంటే వదులయ్యేది. తను చిన్నప్పుడు నేర్చుకున్న పాట వింటే, మాట లేని రోజుల్లో కూడా పెదవులు కదిలేవి. అందరికీ ఇలాగే జరుగుతుందని మాట ఇవ్వలేను, కాని అంతా ఒక్కసారిగా పోదని మాత్రం చెప్పగలను.

వైద్యమిత్ర

తూర్పుగాలి గారు రాసినది అక్షరాలా నిజం. గొట్టం గురించి వైద్యపరంగా తెలిసినది చెబుతాను. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం ఆయుష్షును పెంచుతుందనిగాని, న్యుమోనియాను ఆపుతుందనిగాని రుజువు లేదు. పైగా గొట్టం పీకేసుకుంటారని చేతులు కట్టవలసి వస్తుంది, పడకపుండ్లూ పెరగవచ్చు. అందుకే అమెరికాలోని వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దానిని సిఫారసు చేయదు. దానికి బదులు తల నిటారుగా ఉంచి, ఓపికగా, చిన్న చిన్న ముద్దలుగా, మనిషి తీసుకోగలిగినంతే చేతితో తినిపించాలంటారు. తినడం తగ్గడం మీరు సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చినది కాదు, శరీరమే వద్దంటున్న స్థితి అది.

నొప్పిని మాటలతో చెప్పలేరు కాబట్టి ముఖం చిట్లించడం, మూలగడం, ముట్టుకుంటే తోసేయడం గమనించండి. నొప్పి, బాధ తగ్గించడానికి చూసే ఉపశమన చికిత్సా బృందాన్ని చివరి వారంలో కాక, తుది దశ మొదలవుతున్నప్పుడే పిలవండి.

నీలిమేఘం

చదివాను. తమ్ముడు కూడా చదివి ఈ రాత్రే నాకు ఫోన్ చేశాడు. అమ్మతో వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి మాట్లాడాలని, న్యాయవాది దగ్గరకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాలని అనుకున్నాము. వాడు అడగమన్న ప్రశ్న ఒకటే మిగిలింది: ఇది మాకూ వస్తుందా?

వైద్యమిత్ర

తల్లికి గాని తండ్రికి గాని ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఇతరులకన్నా కొంత ఎక్కువే, కాని తప్పక వస్తుందని కాదు. ఒకే జన్యు మార్పు వల్ల నేరుగా సంక్రమించే రకం చాలా అరుదు. మొత్తం రోగులలో అది ఒక శాతానికన్నా తక్కువ, అదీ సాధారణంగా అరవై అయిదేళ్ళలోపే బయటపడుతుంది. అమ్మగారికి 73 ఏళ్ళ వయసులో తేలింది కాబట్టి ఆ రకం అయ్యే అవకాశం బహు స్వల్పం. మీ ఇద్దరూ రక్తపోటు, మధుమేహం అదుపులో ఉంచుకోండి, వినికిడి తగ్గితే నిర్లక్ష్యం చేయకుండా యంత్రం పెట్టించుకోండి, శరీరానికి వ్యాయామం ఇవ్వండి, పొగతాగే అలవాటు ఉంటే మానేయండి. అమ్మగారి వినికిడి, చూపు కూడా ఈ నెలలోనే పరీక్ష చేయించండి. సరిగా వినబడక అడిగే ప్రశ్నలను కూడా మనం మతిమరుపు ఖాతాలోనే వేస్తుంటాము.